కళ్ళు మూసుకుంటే కనపడేది ఎక్కడిది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ జ్ఞాపకాల గురించే ఉన్నాయి, అందులోనూ కంటితో చూసినవి మనసులో ఎలా నిలుస్తాయనే దాని గురించి. అందుకని మిగతా సబ్జెక్టులు పక్కన పెట్టి అవే తీసుకున్నా.

ప్రశ్న: మేడం గారూ, మా అమ్మ పోయి చాలా ఏళ్ళయింది, కానీ కళ్ళు మూసుకుంటే ఆవిడ ముఖం ఇప్పటికీ కనపడుతుంది. ఆ బొమ్మ మెదడులో ఎక్కడో ఫోటోలాగా దాచి ఉంటుందా? ఉంటే ఏ మూల ఉంటుంది?
– ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: ఫోటోలా అయితే లేదండి, ఏ మూలా లేదు. అసలు అమ్మ ఎదురుగా ఉండి మీరు చూస్తున్న రోజుల్లో కూడా మెదడులో ఒకే చోట ఒక బొమ్మ అంటూ ఏర్పడలేదు. కంట్లో పడ్డ వెలుతురు నరాల సిగ్నల్‌గా మారి మెదడు మధ్యలో ఉండే థలామస్ అనే భాగం మీదుగా తల వెనక భాగంలో చూపు పని చూసే విజువల్ కార్టెక్స్‌కి వెళ్తుంది, అక్కడ మొదటి మజిలీని వీ1 అంటారు, ఆ వీ1లో ఉండే న్యూరాన్లకి, అంటే నరాల కణాలకి, ముఖమూ తెలీదు అమ్మా తెలీదు, ఈ చోట ఒక గీత ఉంది, అది ఇటు వాలి ఉంది, ఇక్కడ వెలుతురు ఆగి చీకటి మొదలైంది, అంతవరకే. దీన్ని పట్టుకున్నందుకే హ్యూబెల్, వీసెల్ అనే సైంటిస్టులకి 1981లో నోబెల్ వచ్చింది. అక్కణ్ణించి సిగ్నల్ ముందుకి వెళ్ళే కొద్దీ గీతలు ఆకారాలవుతాయి, మెదడు అడుగు భాగానికి వచ్చేసరికి ముఖాలకి గట్టిగా స్పందించే ఒక ఏరియా ఉంటుంది, నాన్సీ కాన్‌విషర్ టీమ్ 1997లో దాన్ని వివరంగా చూపించింది, దానికి కొంచెం దూరంలోనే గదులు, వీధులు, బిల్డింగుల లాంటి చోట్లకి స్పందించే ఇంకో ఏరియా ఉంది, దాని సంగతి ఆ మరుసటి ఏడాది బయటపడింది. అంటే అమ్మ ముఖం ఒక చోట, ఆవిడ నిలబడ్డ గది ఇంకో చోట, గొంతు మరో చోట నమోదవుతాయి.

మరి ఇవన్నీ కలిపి ఒక సంఘటనగా కట్టేదెవరు అంటే హిప్పోక్యాంపస్, చెవుల ఎత్తులో, తల లోపల లోతుగా రెండు వైపులా ఉంటుంది. లైబ్రరీలో పుస్తకాలన్నీ వేరే వేరే అల్మరాల్లో ఉంటే ఏది ఎక్కడుందో చెప్పే కేటలాగ్ లాంటిది అనుకోండి, పుస్తకం మాత్రం కేటలాగ్‌లో ఉండదు. ఇది ఊరికే అంటున్న మాట కాదు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గించడానికని రెండు వైపులా హిప్పోక్యాంపస్‌ని చాలా వరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి, చూపు బానే ఉంది, మాట బానే ఉంది, చిన్నప్పటి విషయాలు చెప్పేవాడు, కానీ ఆ తర్వాత కొత్తగా కలిసిన మనిషిని గుర్తుంచుకోలేకపోయాడు. బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్ట్ ఏళ్ళ తరబడి అతన్ని పరీక్షించింది, వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ అతనికి కొత్త మనిషే. 2008లో పోయేదాకా అతని పేరు కూడా బయటికి రానివ్వలేదు, హెచ్.ఎం. అనే రాసేవాళ్ళు.

ఇక మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడుంది. 2000లో ఒక ప్రయోగం చేశారు. కొందరికి కొన్ని మాటలు ఇచ్చి, కొన్నిటికి బొమ్మ, కొన్నిటికి శబ్దం జత చేసి బాగా నేర్పించారు, తర్వాత మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపించే స్కానర్‌లో పడుకోబెట్టి మాట మాత్రమే చూపించి జతని గుర్తు తెచ్చుకోమన్నారు. బొమ్మ గుర్తు తెచ్చుకున్నప్పుడు చూపుకి సంబంధించిన భాగాలు, శబ్దం గుర్తు తెచ్చుకున్నప్పుడు వినికిడి భాగాలు మళ్ళీ పనిచేశాయి, ఎదురుగా బొమ్మా లేదు, చెవిలో శబ్దమూ లేదు. 2005లో ఇంకో అడుగు ముందుకెళ్ళి ముఖాలు, ప్రదేశాలు, వస్తువులు చూపించి తర్వాత మీ ఇష్టమొచ్చిన వరుసలో చెప్పండి అంటే, వాళ్ళు నోరు తెరిచి పేరు చెప్పే ముందే ఆ రకానికి సంబంధించిన ప్యాటర్న్ మెదడులో తిరిగి లేవడం కనపడింది. కాబట్టి మీరు కళ్ళు మూసుకున్నప్పుడు దాచిన బొమ్మ ఏదీ బయటికి రావట్లేదు, అమ్మని చూసినప్పుడు పనిచేసిన భాగాల్లో కొన్ని అప్పటికప్పుడు మళ్ళీ ఆ పని చేస్తున్నాయి. ప్రతిసారీ కొత్తగా కడుతున్నారన్నమాట.

ప్రశ్న: చూసినప్పుడు పనిచేసిన భాగాలే మళ్ళీ పనిచేస్తే, గుర్తు తెచ్చుకున్న బొమ్మ చూసినంత క్లియర్‌గా ఎందుకుండదు? నాకైతే అంతా మసకగా, వివరాల్లేకుండా ఉంటుంది.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: మంచి ప్రశ్న. చాలామంది దీనికి “సిగ్నల్ వీక్‌గా ఉంటుంది కాబట్టి” అని చెప్పి వదిలేస్తారు. వీక్ అన్నది నిజమే, కానీ అంతటితో అయిపోదు, దాని ఆకారమే వేరు.

2022లో వచ్చిన ఒక స్టడీ నాకు బాగా నచ్చింది, ఎందుకంటే చాలా సింపుల్‌గా అడిగారు. మధ్యలో ఉన్న చుక్క మీదే చూపు నిలిపి ఉంచమని, పక్కన ఫలానా చోట ఒక బొమ్మ వస్తుందని నేర్పించారు, ఏ గుర్తు వస్తే బొమ్మ ఏ వైపు వస్తుందో వాళ్ళకి కంఠతా వచ్చేసింది. తర్వాత స్కానర్‌లో ఒకసారి నిజంగా బొమ్మ చూపించారు, ఇంకోసారి గుర్తు మాత్రమే చూపించి బొమ్మని మనసులో తెచ్చుకోమన్నారు. నిజంగా చూస్తున్నప్పుడు వీ1లో స్పందన చాలా సన్నగా, సరిగ్గా ఆ చోటుకే పరిమితమై ఉంది, పైకి, అంటే వీ1 తర్వాతి మజిలీలకి, వెళ్ళే కొద్దీ వెడల్పయింది, ఎందుకంటే పై ఏరియాల్లో ఒక్కో న్యూరాన్ చూసే మేర పెద్దది. గుర్తు తెచ్చుకున్నప్పుడు మాత్రం సరైన చోటే స్పందన వచ్చింది కానీ వీ1లో కూడా అది వెడల్పుగానే ఉంది, పై ఏరియాల్లో ఎలా ఉందో దాదాపు అలాగే. అంటే పైనుంచి కిందకి వచ్చిన సమాచారం పైవాళ్ళకి తెలిసినంత వివరమే తీసుకొస్తుంది, పైన లేని సన్నని వివరాన్ని కింద వీ1 ఎక్కణ్ణించి పుట్టిస్తుంది? మీకు మసక అనిపించేదానికి నాకు తెలిసి ఇంతకన్నా మంచి వివరణ లేదు.

దిశ తిరగబడుతుందన్నది ఇంకో ప్రయోగంలో కాలం లెక్కన కూడా దొరికింది. 2019లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్ళు వస్తువుల బొమ్మలు వాడారు, కొన్ని రంగుల ఫోటోలు, కొన్ని ఉత్త గీతల బొమ్మలు, అందులోనే కొన్ని ప్రాణమున్నవి కొన్ని లేనివి. తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తే, బొమ్మ ఎదురుగా ఉన్నప్పుడు అది ఫోటోనా గీతల బొమ్మా అన్న తేడా మెదడు సిగ్నల్లో ముందు తేలింది, ప్రాణమున్నదా లేదా అన్నది తర్వాత. అదే బొమ్మని గుర్తు తెచ్చుకోమంటే వరుస తిరగబడింది, అది ఏంటన్నది ముందు, ఎలా కనపడిందన్నది తర్వాత. అందుకే “ఆ మీటింగ్‌లో ఆయన ఉన్నాడు” అని టక్కున గుర్తొస్తుంది, చొక్కా రంగు అడిగితే ఆగి వెతుక్కుంటాం, వెతికే ఓపిక లేకపోతే ఏదో ఒక రంగు వేసేస్తాం.

ఇంకో మాట, గుర్తు తెచ్చుకునేప్పుడు గట్టిగా పనిచేసే చోటు, చూసేప్పుడు పనిచేసే చోటు మీద అచ్చంగా పడదు, ముఖ్యంగా ప్రదేశాల విషయంలో కొంచెం ముందుకి, అంటే నుదుటి వైపుకి, జరిగి ఉంటుంది. అది హిప్పోక్యాంపస్‌తో, తెలిసిన విషయాలతో దగ్గర సంబంధం ఉన్న ప్రాంతం. కాబట్టి “మెదడులో ఫోటో దొరికింది” అని రంగు మచ్చలేసి రాసే హెడ్‌లైన్లు కనపడితే పెద్దగా పట్టించుకోకండి, నాకైతే అవి చూస్తే చిరాకు.

ప్రశ్న: మా మావయ్యగారికి స్ట్రోక్ వచ్చి తగ్గింది. ఇప్పుడు ఎడమ వైపు ఎవరున్నా పట్టించుకోరు, పేపర్‌లో కూడా కుడి సగమే చదువుతారు. కళ్ళ డాక్టర్ చూపు బానే ఉందన్నారు. అడిగితే “నాకేం కాలేదు” అని కోప్పడతారు. ఇది మొండితనమా, జబ్బా?
– ఒక కోడలు

జవాబు: మొండితనం కాదమ్మా, ఆ మాట మీ ఇంట్లో అందరికీ చెప్పండి. మెదడు కుడి సగం దెబ్బతిన్నప్పుడు ఎడమ వైపు ప్రపంచం మీద ధ్యాసే పోతుంది, దీన్ని నెగ్లెక్ట్ అంటారు. మీరు రాసిన లక్షణాలు అలాగే ఉన్నాయి, కానీ ఖాయంగా చెప్పాల్సింది న్యూరాలజిస్టే. కళ్ళ డాక్టర్ దగ్గర ఆగిపోకుండా ఆయన్ని కలవండి, రీహాబిలిటేషన్ గురించి అడగండి, మొదటి నెలల్లో చాలామందిలో ఇది కొంతైనా మెరుగవుతుంది.

మీ ఉత్తరాన్ని ఈ సబ్జెక్టులో ఎందుకు కలిపానంటే, ఇది జ్ఞాపకంలోకి కూడా వెళ్తుంది. 1978లో ఇటలీలో బిజియాక్, లుజ్జాట్టి అనే ఇద్దరు ఇలాంటి పేషెంట్లని పిలిచి ఒక చిన్న పని చెప్పారు. వాళ్ళది మిలాన్, ఊరి మధ్యలో పెద్ద చర్చి, దాని ముందు చౌక్, చిన్నప్పటి నుంచీ చూసిందే. “మీరు చర్చికి ఎదురుగా, చౌక్ అవతలి చివర నిలబడ్డారనుకోండి, ఏమేం కనపడతాయో చెప్పండి” అన్నారు. కుడి చేతి వైపు ఉన్న బిల్డింగులు, షాపులే ఎక్కువ చెప్పారు, ఎడమ వైపువి దాదాపు వదిలేశారు. “సరే, ఇప్పుడు చర్చి తలుపు దగ్గర నిలబడి చౌక్ వైపు తిరిగారనుకోండి” అన్నారు. ఇప్పుడు ఇందాక వదిలేసినవి కుడి వైపుకి వచ్చాయి కదా, వాటినే గడగడా చెప్పారు, ఇందాక చెప్పినవి వదిలేశారు! అంటే చౌక్ మొత్తం వాళ్ళకి తెలుసు, ఏదీ చెరిగిపోలేదు, కానీ గుర్తు తెచ్చుకున్నప్పుడు మనసులో కట్టే బొమ్మకి ఎడమ సగం కట్టలేకపోతున్నారు. దాచిన జ్ఞాపకం వేరు, దాన్ని తీసి బొమ్మ కట్టడం వేరు అని ఇంత కళ్ళకి కట్టినట్టు చూపించిన ప్రయోగం మళ్ళీ నేను చదవలేదు.

మావయ్యగారు “నాకేం కాలేదు” అనడం కూడా అబద్ధం కాదు. లేనిదాన్ని లేదని తెలుసుకోవడానికి అక్కడ ఏదో ఉండాలన్న ధ్యాస ఉండాలి, ఆయనకి పోయింది ఆ ధ్యాసే.

ప్రశ్న: మేం ముందు ఉన్న ఇంట్లో హాల్లో గోడ గడియారం ఉండేదని నేను, లేదని మా ఆయన. నాకు అది కళ్ళ ముందు కనపడుతోంది, ముళ్ళతో సహా. పాత ఫోటో తీసి చూస్తే లేదు! ఇంత స్పష్టంగా కనపడింది అబద్ధం ఎలా అవుతుంది?
– ఓడిపోయిన భార్య

జవాబు: ఓడిపోవడమేం లేదండీ, ఇంకో పందెంలో ఆయన వంతు వస్తుంది. హాలు అంటే గడియారం ఉంటుంది అని మీ మెదడుకి ముందే ఒక అచ్చు ఉంది, పైన చెప్పినట్టు గుర్తు తెచ్చుకోవడం అర్థం దగ్గర మొదలై బొమ్మ వైపుకి వస్తుంది కాబట్టి, ఖాళీ ఉన్న చోట ఆ అచ్చులోంచి తీసి అతికించింది. 1981లో అమెరికాలో బ్రూవర్, ట్రెయెన్స్ అనేవాళ్ళు స్టూడెంట్లని ఒక ప్రొఫెసర్ ఆఫీసు గదిలాంటి గదిలో కాసేపు కూర్చోబెట్టి, బయటికి తీసుకొచ్చి ఇప్పుడు ఆ గదిలో ఏమేం ఉన్నాయో రాయండి అన్నారు. గదిలో ఒక్క పుస్తకం కూడా లేదు, అయినా కొంతమంది పుస్తకాలు చూశామని రాశారు, ప్రొఫెసర్ గదిలో పుస్తకాలు లేకపోవడమేంటి మరి.

అడిగే ప్రశ్న కూడా బొమ్మని మార్చేస్తుంది. ఎలిజబెత్ లోఫ్టస్ అనే సైకాలజిస్ట్ 1974లో కారు యాక్సిడెంట్ ఫిల్మ్ చూపించి, కొందరిని కార్లు ఒకదాన్నొకటి తగిలినప్పుడు ఎంత స్పీడ్‌లో ఉన్నాయని, ఇంకొందరిని పగిలిపోయేలా గుద్దుకున్నప్పుడు ఎంత స్పీడ్‌లో ఉన్నాయని అడిగింది. వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అంటే, గుద్దుకున్న మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు, తగిలిన మాట విన్న 50 మందిలో 7 మంది. ఫిల్మ్‌లో అద్దం పగల్లేదు. సాక్షిని పోలీసులు మొదటిసారి ఎలా అడిగారన్నది ఎందుకంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది.

ఇక స్పష్టంగా కనపడటం సంగతి. స్పష్టత అనేది నిజానికి సాక్ష్యం కాదు, మెదడు బొమ్మని ఎంత గట్టిగా కట్టగలిగిందన్న దానికి కొలత, అంతే. మీ ఆయనకి ఒక పరీక్ష పెట్టండి. ఆపిల్ కంపెనీ లోగో చూడకుండా గీయమనండి, కొరికిన గాటు ఏ వైపు, ఆకు ఎటు వాలింది, కింద నొక్కు ఉందా లేదా. 2015లో కాలిఫోర్నియాలో 85 మంది స్టూడెంట్లకి ఇదే పని ఇస్తే తప్పు లేకుండా గీసింది ఒక్కరు. వేలసార్లు చూసి ఉంటారు అందరూ, కానీ చూడటం వేరు, గాటు ఏ వైపుందో గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం పడటం వేరు, అవసరం లేని వివరాన్ని మెదడు లోపలికి తీసుకోలేదు, తీసుకోనిదాన్ని తర్వాత ఎంత గింజుకున్నా బయటికి తీయలేం.

ప్రశ్న: టూర్‌కి వెళ్తే ఫోన్‌లో ఫోటోలు తీసుకుంటే బాగా గుర్తుంటుందా, తీయకుండా చూస్తేనా?
– పేరు వద్దు

జవాబు: 2014లో లిండా హెంకెల్ అనే సైకాలజిస్ట్ ఒక మ్యూజియంలో పరీక్షించింది. ఊరికే చూసిన వస్తువులకన్నా ఫోటో తీసిన వస్తువులు మర్నాటికి తక్కువ గుర్తున్నాయి. కానీ జూమ్ చేసి ఒక భాగాన్ని తీసినవాళ్ళకి ఆ నష్టం రాలేదు, విచిత్రమేంటంటే జూమ్‌లో పడని మిగతా భాగం కూడా గుర్తుంది. దేన్ని తీయాలా అని ఆలోచించి చూశారు కదా. కాబట్టి తీయండి, కాకపోతే వందలకొద్దీ కాదు.

ప్రశ్న: మీరంతా కళ్ళు మూసుకుంటే కనపడుతుంది అంటుంటారు, నాకు ఏమీ కనపడదు, నల్లగా ఉంటుంది అంతే. ఇన్నాళ్ళూ అది మాటవరసకి అంటారనుకున్నా. నాకేమైనా లోపమా?
– వయసు 31, పురుషుడు

జవాబు: లోపం కాదు, మీలాంటివాళ్ళు కొద్దిమందే అయినా ఉన్నారు, చాలామందికి మీలాగే పెద్దయ్యాకే తెలుస్తుంది. దీన్ని 1880లోనే గాల్టన్ అనే ఇంగ్లాండ్ సైంటిస్ట్ గమనించాడు, పొద్దున కూర్చున్న టేబుల్‌ని మనసులో తెచ్చుకుని ఎంత వెలుతురుగా ఎంత రంగుగా ఉందో చెప్పమని జనాన్ని అడిగితే, కొందరు పెద్ద సైంటిస్టులు అసలు అలా కనపడటం అంటే ఏంటి అన్నారట. 2015లో ఆడమ్ జీమన్ అనే న్యూరాలజిస్ట్ దీనికి అఫాంటేసియా అని పేరు పెట్టాడు.

మీకు ఆసక్తిగా ఉండే విషయం ఒకటి చెప్తా. 2021లో వచ్చిన స్టడీలో ఇలాంటివాళ్ళకీ మామూలువాళ్ళకీ గదుల ఫోటోలు చూపించి, తీసేసి, గుర్తున్నది గీయమన్నారు. మీ జట్టువాళ్ళు తక్కువ వస్తువులు గీశారు, రంగు తక్కువ వాడారు, కొన్నిచోట్ల బొమ్మ బదులు పేరు రాసేశారు, కానీ ఏ వస్తువు ఎక్కడుంది, ఎంత సైజు అన్నది మామూలువాళ్ళంత కరెక్ట్‌గానే పెట్టారు, పైగా గదిలో లేనివి కలపడం వాళ్ళలోనే తక్కువ. గోడ గడియారం గొడవ మీ ఇంట్లో రాకపోవచ్చు. చోటు గుర్తుండటం, రూపం కనపడటం మెదడులో వేరు వేరు పనులని దీన్నుంచి తెలుస్తోంది. ఒక్క జాగ్రత్త, ముందు కనపడుతూ ఉండి ఉన్నట్టుండి ఆగిపోతే మాత్రం అది వేరు సంగతి, డాక్టర్‌కి చూపించుకోవాలి.

ప్రశ్న: మేడం, బయాలజీలో డయాగ్రమ్స్ పది సార్లు చూసినా పరీక్షలో చెయ్యి కదలదు, బుక్ తెరిస్తే మాత్రం అన్నీ తెలిసినట్టే ఉంటాయి. మైటోసిస్, మియోసిస్ అయితే కలిసిపోతున్నాయి.
– డిగ్రీ విద్యార్థిని

జవాబు: తెలిసినట్టే ఉండటంలోనే ఉందమ్మా మోసం. చూసినదాన్ని మళ్ళీ చూపిస్తే గుర్తుపట్టడంలో మనిషి మెదడు అసాధ్యురాలు. 2008లో ఎంఐటీలో 2,500 వస్తువుల బొమ్మలు ఒక్కోటి 3 సెకన్లు చూపించి, తర్వాత రెండేసి పెట్టి ఏది చూశారు అని అడిగితే 90 శాతం దరిదాపుల్లో కరెక్ట్‌గా చెప్పారు, అదే వస్తువు కొంచెం వేరే స్థితిలో ఉన్నా పట్టేశారు. కానీ పరీక్ష హాల్లో నీకు కావాల్సింది గుర్తుపట్టడం కాదు, ఖాళీ పేపర్ మీద లోపల్నుంచి బయటికి తీయడం, ఆ దారి వేరు, ఆ దారిలో నడిస్తేనే అది బాగుపడుతుంది. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో పాఠం రెండోసారి చదివినవాళ్ళు 5 నిమిషాల తర్వాత ముందున్నారు, కానీ వారం తర్వాత చూస్తే రెండోసారి చదవకుండా గుర్తున్నది రాసుకున్నవాళ్ళకి 56 శాతం గుర్తుంది, చదివినవాళ్ళకి 42. అది పాఠం మీద చేసింది, బొమ్మలకీ పద్ధతి అదే: ఒకసారి చూడు, మూసెయ్, గీయి, తెరిచి తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దు, మర్నాడు మళ్ళీ మొదట్నుంచి గీయి.

గీసేప్పుడు గీతల్లోంచి మొదలుపెట్టకు. ఈ స్టేజీలో ఏం జరుగుతోంది అన్నది ముందు మనసులో అనుకో, బొమ్మ దాని వెనకే వస్తుంది, ఎందుకో పైన రెండో జవాబులో రాశా.

కలిసిపోతున్నవాటి సంగతి. రెండూ కణం విడిపోయే పద్ధతులే, మెటాఫేజ్ అందులో ఒక స్టేజీ. మైటోసిస్ మెటాఫేజ్‌లో క్రోమోజోములు మధ్య గీత మీద ఒక్కొక్కటిగా నిలబడతాయి, మియోసిస్ మొదటి మెటాఫేజ్‌లో జతలు జతలుగా ఎదురెదురుగా నిలబడతాయి. ఈ రెండు బొమ్మలూ వేరే వేరే రోజుల్లో కాదు, ఒకే పేపర్ మీద పక్కపక్కన గీయి, తేడా ఉన్న చోటు కావాలనే పెద్దది చేసి గీయి. బాగా దగ్గరగా ఉన్న రెండు జ్ఞాపకాలు పోటీ పడుతుంటే మెదడు కూడా ఇదే చేస్తుంది. ఒరెగాన్ యూనివర్సిటీ వాళ్ళు 2021లో ఒకే రకం వస్తువుని దగ్గర దగ్గర రంగుల్లో చూపించి రెండిటినీ వేరు వేరుగా నేర్పిస్తే, తర్వాత జనం ఆ రంగుల్ని అసలు ఉన్నదానికన్నా దూరం దూరంగా గుర్తుపెట్టుకున్నారు, గుర్తు తెచ్చుకునేప్పుడు మెదడులో నడినెత్తి వెనక వైపుండే పెరైటల్ భాగంలోని ప్యాటర్న్‌లోనూ ఆ ఎడం కనపడింది. రంగు కొంచెం తప్పు, కానీ ఏది ఏదో కలవలేదు. నీకూ అలాగే ఎడం పెరుగుతుంది. కాకపోతే పెద్దది చేసి గీసిన బొమ్మే చేతికి అలవాటైపోతుంది, అందుకని పరీక్ష ముందు రోజు టెక్స్ట్‌బుక్ కొలతలతో రెండూ ఒకసారి సరిచూస్కో.